మన జిల్లాలో ‘కిడ్నీ’ అన్న మాట విన్నప్పుడు

మా చంటోడికి నాలుగేళ్లప్పుడు ఒకరోజు పొద్దున లేచేసరికి రెండు కళ్లూ ఉబ్బి ఉన్నాయి. రాత్రి దోమ కుట్టిందేమో అనుకున్నాం. పదింటికల్లా తగ్గిపోయింది. మర్నాడూ అంతే. కళ్లకలకేమోనని మందులషాపులో చుక్కలు తెచ్చి వారం రోజులు వేశాం. సాయంత్రానికి కళ్లు బాగానే ఉంటున్నాయి గానీ, సాక్సు విప్పితే చీలమండ మీద ఎలాస్టిక్ గుర్తు లోతుగా పడి అలాగే ఉండిపోతోంది. నిక్కరు బిగుతైంది. ఒళ్లు చేస్తున్నాడని మా అమ్మ మురిసిపోయింది కూడా.

శ్రీకాకుళంలో పిల్లల డాక్టరు కళ్లకేసి పెద్దగా చూడలేదు. వాడి కాలి ముందెముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి వదిలారు. చిన్న గుంట పడింది. అది పూడేదాకా చూస్తూ కూర్చుని, యూరిన్ టెస్టు రాశారు. అల్బుమిన్ అనే ప్రొటీన్ నాలుగు ప్లస్, అంటే బాగా ఎక్కువగా పోతోంది. “కిడ్నీకి సంబంధించినదమ్మా...” అని ఆయన మొదలుపెట్టారు. ఆ తర్వాత చెప్పిందేదీ నా చెవికెక్కలేదు.

ఎందుకెక్కలేదో ఈ జిల్లావాళ్లకు చెప్పక్కర్లేదు. మా అత్తగారిది కవిటి. ఏళ్లుగా కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఆ ఉద్దానం ప్రాంతంలో క్రియాటినిన్ అనే మాట బడిమొహం చూడనివాళ్లకూ తెలుసు. కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే అంకె అది. “ఎంతొచ్చింది?” “నాలుగున్నర.” జీడిపిక్కల రేటు అడిగినట్టే అడుగుతారు, చెప్పేవాళ్లూ అలాగే చెబుతారు. మా పెదమావగారు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వస్తూ వస్తూ ఒకరోజు వెళ్లడం మానేశారు. అలాంటి ఇంటికి ఫోన్ చేసి నాలుగేళ్లవాడికి కిడ్నీ జబ్బని చెప్పాలి. అవతల మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఏటమ్మా, ఈ గుంటడిక్కూడా అదేనేటి?” అన్నారు.

అది కాదు. కానీ ఎందుకు కాదో నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చేయకూడనివి కొన్ని చేశాం, చేయాల్సినవి కొన్ని మానేశాం.

వాడి జబ్బు పేరు నెఫ్రోటిక్ సిండ్రోమ్. లక్షమంది పిల్లల్లో ఏడాదికి 2 నుంచి 7 మందికి కొత్తగా వస్తుంది. మన దక్షిణాసియా పిల్లల్లో కొంచెం ఎక్కువ. చాలామందికి రెండేళ్లకీ ఆరేళ్లకీ మధ్య మొదలవుతుంది. ఆ వయసులో ఆడపిల్లలకంటే మగపిల్లలకి దాదాపు రెట్టింపు.

ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల సన్నటి జల్లెళ్లు ఉంటాయి. రక్తం వాటిగుండా పోతుంది. నీళ్లు, ఉప్పు, యూరియా కిందికి దిగుతాయి. రక్తకణాలు, అల్బుమిన్ లాంటి పెద్ద ప్రొటీన్లు పైనే ఉండిపోవాలి. జల్లెడ కన్నాలు పెద్దవి కాకుండా కాచే కణాలు కొన్ని ఉంటాయి. వాటికి వేళ్లలాంటి కొసలుంటాయి, ఒకదాని సందులో ఒకటి దూరి పట్టుకుని ఉంటాయి. నెఫ్రోటిక్‌లో ఆ వేళ్లు అణిగి చదునైపోతాయి. శరీరంలోని రక్షణ వ్యవస్థ ఎక్కడో దారి తప్పడం వల్ల ఇలా అవుతుందని అర్థమైంది గానీ మొదటి మెలిక ఎక్కడ పడుతుందో పూర్తిగా తేలలేదు. మొత్తానికి అల్బుమిన్ జారి మూత్రంలోకి పోతుంది. మూత్రం నురగ కట్టేది అందుకే.

రక్తనాళంలో నీటిని పట్టి ఉంచేది అల్బుమిన్. అది తగ్గిపోతే నీరు బయటికి ఊరుతుంది. దానికి తోడు కిడ్నీ ఉప్పునీ నీటినీ వదలకుండా దాచుకుంటుంది. ఊరిన నీరు మెత్తటి చోటు చూసుకుని చేరుతుంది. రాత్రంతా పడుకుంటే కంటిరెప్పల్లోకి, పగలంతా తిరిగితే పాదాల్లోకి, ఇంకా ఎక్కువైతే పొట్టలోకి, మగపిల్లలకి వృషణాల తిత్తిలోకి. పొద్దున కళ్లూ సాయంత్రం కాళ్లూ ఎందుకు ఉబ్బుతాయో తెలియకే మేం వారం పాటు కంట్లో చుక్కలు వేసుకుంటూ కూర్చున్నాం. రిపోర్టులో కొలెస్ట్రాల్ కూడా విపరీతంగా కనిపిస్తుంది. పోయిన ప్రొటీన్‌ని పూడ్చడానికి లివర్ ఆదరాబాదరాగా పనిచేస్తుంటే అదీ పెరుగుతుంది. నూనె మానేయాల్సిన పనేం లేదు, జబ్బు తగ్గితే అదీ దిగుతుంది.

ఇప్పుడు ఉద్దానం సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో 1990ల నుంచీ గమనిస్తున్న ఆ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లది, అందులోనూ పొలాల్లో తోటల్లో ఎండకి పనిచేసేవాళ్లది. నీటిలో ఉన్నదేదో అన్నారు, ఎండలో ఒళ్లు ఎండిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు, పురుగుమందులన్నారు. ఇదీ కారణం అని ఇప్పటికీ ఒక్కటి తేలలేదు. అక్కడ దెబ్బ తినేది ముఖ్యంగా జల్లెడ కాదు. దాని తర్వాత ఉండే సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ ఉండే కణజాలం. అందుకే ప్రొటీన్ పెద్దగా పోదు. చాలాకాలం వాపు రాదు, నొప్పి రాదు. క్రియాటినిన్ మెల్లగా ఎక్కుతూ పోతుంది. తెలిసేసరికి చాలాభాగం పాడైపోయి ఉంటుంది.

చంటోడి జబ్బు దానికి తిరగేసినట్టుంటుంది. మొదటి వారంలోనే ముఖం మీద కనబడుతుంది. ప్రొటీన్ ధారగా పోతుంది, క్రియాటినిన్ మాత్రం చాలామందికి మామూలుగానే ఉంటుంది. మావాడిది 0.4. పెదమావగారి అంకెలు చూసిన కళ్లతో ఆ కాగితం చూసి, సున్నా పక్కన చుక్క సరైన చోటే ఉందా అని ల్యాబ్ కుర్రాణ్ణి రెండుసార్లు అడిగాను. ఈ వయసులో వచ్చేదాంట్లో చాలాభాగం మందుకి లొంగే రకమే. మామూలు సూక్ష్మదర్శినిలో చూస్తే కిడ్నీలో తేడా కూడా సరిగ్గా కనబడదు. అందుకే మొదటిసారే బయాప్సీ (కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడటం) చేయరు.

రెండు జబ్బులకీ ఒకే పేరు పెట్టుకోవడం వల్ల ఇంట్లో ఏమవుతుందంటే, ఒకదాని పథ్యం ఇంకొకదానికి అంటగడతాం. మాకు వచ్చిన సలహాలు: నీళ్లు బాగా తాగించండి. ఇది ఉద్దానం నేర్పిన పాఠం. నీళ్లు ఆపేయండి. ఇది డయాలసిస్ వార్డు నేర్పిన పాఠం. పప్పు, గుడ్డు, చేప ముట్టించకండి. ఇది కిడ్నీ పాడైన పెద్దవాళ్ల డైటు చార్టు. ఈ మూడూ నమ్మి పది రోజులు వాడికి చారన్నం పెట్టాను. అసలే ప్రొటీన్ పోతున్న పిల్లాడికి నేనే ఇంకాస్త కోత పెట్టానన్నమాట.

వయసుకి తగ్గ మామూలు తిండి పెట్టాలి. పప్పు, పాలు, అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు మానిపించకూడదు. అలాగని పోయింది పూడ్చాలని ప్రొటీన్ పౌడర్లు దట్టించినా లాభం లేదు. నీళ్లు దాహాన్ని బట్టి ఇవ్వాలి. వాపు మరీ ఎక్కువున్న రోజుల్లో కొలత డాక్టరే చెబుతారు. గట్టిగా చూసుకోవాల్సింది ఉప్పు. వాపున్నన్నాళ్లూ, స్టెరాయిడ్ రోజూ పడుతున్నన్నాళ్లూ ఉప్పుచేప, ఆవకాయ, అప్పడం, చిప్స్ ప్యాకెట్లు వద్దు. మా ఇంట్లో ఉప్పుచేప వాసన లేకుండా వారం గడవడం కష్టం. అందరం మానేశాం. ఒక్కడి కంచంలోంచి తీసేసి మిగతావాళ్లం తింటే నాలుగేళ్లవాడికి అది పథ్యంలా కనబడదు, శిక్షలా కనబడుతుంది.

మందు ప్రెడ్నిసొలోన్. స్టెరాయిడ్ అనగానే మళ్లీ ఒక రౌండు టెన్షన్. మన దేశంలో డాక్టర్లు పాటించే పద్ధతిలో మొదటిసారి వచ్చినప్పుడు కిలోకి 2 మిల్లీగ్రాముల చొప్పున (ఎంత బరువున్నా రోజుకి 60 దాటకుండా) రోజూ ఆరు వారాలు, తర్వాత కిలోకి 1.5 చొప్పున (40 దాటకుండా) రోజు మార్చి రోజు ఇంకో ఆరు వారాలు. లెక్కకి తీసుకునేది వాపు లేనప్పటి బరువు. 15 కిలోల పిల్లాడికి రోజుకి 30, అంటే పది మిల్లీగ్రాముల బిళ్లలు మూడు. ఇంత చిన్న ఒంటికి ఇంత మందా అని చేయి వణుకుతుంది. కానీ వందలో 85 నుంచి 90 మంది పిల్లలకి పనిచేస్తుంది, చాలామందికి రెండు వారాల్లోపే. మావాడు తొమ్మిదో రోజున తెరిపి లేకుండా ఉచ్చ పోశాడు. నాలుగు రోజుల్లో రెండు కిలోలు దిగాడు. ఉబ్బంతా పోయాక చూస్తే చేతులు పుల్లల్లా ఉన్నాయి. అంతకుముందు బొద్దుగా కనిపించిందంతా నీరే.

వాపు పోగానే మందు ఆపేయాలనిపిస్తుంది. మా వీధిలోనే ఇద్దరు ఆపేయమన్నారు, ఒకరు టెక్కలి దగ్గర పసరు పోసే మనిషి ఫోన్ నంబరు కూడా ఇచ్చారు. ఏముందో తెలియని పసరు కిడ్నీకి పోయడం ఒక తప్పు. స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపడం ఇంకా పెద్ద తప్పు. బయటినుంచి వారాల తరబడి ఇస్తుంటే శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీ తగ్గించేస్తుంది. హఠాత్తుగా ఆపితే పిల్లాడు కుప్పకూలిపోవచ్చు. గడిచిన ఏడాది కాలంలో స్టెరాయిడ్ వాడి ఉంటే, ఆపరేషన్ అయినా గట్టి జ్వరం అయినా చూసే ప్రతి డాక్టరుకీ ఆ మాట ముందే చెప్పాలి. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం రోజుల తరబడి చీకట్లో ఉంది, షాపులు లేవు, రోడ్లు లేవు. అది గుర్తుంచుకుని మేం ఎప్పుడూ రెండు వారాల బిళ్లలు అదనంగా ఉంచుతాం.

ఇక ఆ బిళ్లలతో ఇంట్లో బతకడం ఎలాగో ఏ చీటీ మీదా రాసి ఉండదు. మొదట చేదు. నలిపి బెల్లంపాకంలో కలిపాను, పాకం మీదే విరక్తి పుట్టింది వాడికి. చివరికి పెరుగన్నం ముద్దలో పెట్టి మింగించడం అలవాటైంది. పొద్దున టిఫినయ్యాక ఒక్కసారే వేయాలి. పరగడుపున వేస్తే కడుపులో మంట, సాయంత్రం వేస్తే రాత్రి జాగారం.

రెండోవారం నుంచి ఆకలి. రాత్రి రెండింటికి లేచి అన్నం పెట్టమని ఏడ్చేవాడు. పెడితే తిని, గిన్నె కడగకముందే మళ్లీ అడిగేవాడు. కోపం ఇంకోటి. మెత్తటి పిల్లాడు. అలాంటిది రెండో తరగతి చదివే అక్కని స్కేలుతో కొట్టాడు. నేను వాణ్ణి కొట్టాను. తర్వాత ఇద్దరం ఏడ్చాం. ఆ వారం డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు సిగ్గుపడుతూనే చెప్పాను. “అది మీవాడి కోపం కాదమ్మా, బిళ్ల కోపం. డోసు దిగితే అదీ దిగుతుంది” అన్నారు ఆయన.

ఆ మాటతో సగం భారం దిగింది. మిగతా సగం మాత్రం నిలిచే ఉంది. బిళ్ల కోపమైనా అక్కకి తగిలింది దెబ్బే కదా. జబ్బు పిల్లాడని అన్నిటికీ ఊఁ కొడితే కొన్ని నెలల్లో బిళ్ల పోతుంది, అలవాటు ఉండిపోతుంది. మేం పెట్టుకున్న కట్టుబాటు ఒక్కటే. ఏడుపు, అరుపు, అలక ఎంతైనా సరే. కొట్టడం మాత్రం లేదు, మాక్కూడా. ఆకలికి ముందే ఉడికించిన చిలగడదుంప, మరమరాలు, దోసకాయ ముక్కలు సిద్ధంగా ఉంచేదాన్ని. అక్కకి రాత్రి అన్నం నేను కలిపి పెట్టేదాన్ని. అది తప్ప దానికంటూ ఇవ్వడానికి నా దగ్గర వేరే టైము లేదు. జబ్బు పిల్లల పెంపకం గురించి మాట్లాడేవాళ్లు పక్కనున్న ఆరోగ్యంగా ఉన్న పిల్ల గురించి ఎందుకు మాట్లాడరో నాకిప్పటికీ అర్థం కాదు.

బుగ్గలు గుండ్రంగా అయ్యాయి. పెళ్లిళ్లలో “బాగా ఒళ్లు చేశాడే” అని బుగ్గ గిల్లేవాళ్లు. వాడు నా కొంగు చాటుకి పోయేవాడు. ఈ బుగ్గలు మందు వల్ల, మళ్లీ తగ్గుతాయి అని వాడికి వాడి భాషలోనే చెప్పాం. దాచిపెడితే పిల్లలు ఇంకా పెద్ద కథ ఊహించుకుంటారు. ఇవి కాక స్టెరాయిడ్ ఎక్కువకాలం పడితే ఎత్తు పెరగడం మందగిస్తుంది, బీపీ పెరగొచ్చు, కంట్లో శుక్లం రావచ్చు. అందుకే వెళ్లిన ప్రతిసారీ ఎత్తు, బరువు, బీపీ రాయించుకోవాలి. బీపీకి పెద్దవాళ్ల పట్టీ పిల్లల చేతికి కడితే అంకె తప్పొస్తుంది. పిల్లల పట్టీ ఉందా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

రోజూ పొద్దున చేసే పని ఒకటుంది. అసలు ఈ జబ్బులో తల్లిదండ్రుల చేతిలో ఉన్నది అదొక్కటే. మొదటి మూత్రం పట్టి ప్రొటీన్ చూడటం. స్ట్రిప్ అయితే ముంచి తీసి, ఒక నిమిషం ఆగి, డబ్బా మీది రంగులతో పోల్చాలి. పసుపే ఉంటే నిల్. పచ్చదనం ముదిరేకొద్దీ ప్లస్సులు పెరుగుతాయి. మా సముద్రపు గాలికి డబ్బా మూత ఒక పూట వదులుగా ఉంటే చాలు, స్ట్రిప్పులన్నీ పాడైపోతాయి. స్ట్రిప్పులు ఖరీదనుకుంటే సల్ఫోసాలిసిలిక్ ఆమ్లం సీసా ఒకటి చాలు. చిన్న గాజుగొట్టంలో మూత్రం పోసి నాలుగు చుక్కలు వేసి, వెనక అక్షరాలూ నల్లగీతలూ ఉన్న పేపరు పట్టుకుంటాను. తేటగా ఉంటే నిల్. పొగమంచులా కనబడీ కనబడకుండా ఉంటే ట్రేస్. మసకగా ఉన్నా అక్షరాలు చదవగలిగితే ఒకటి. లావాటి నల్లగీతలు మాత్రమే కనబడితే రెండు. ఏమీ కనబడకుండా తెల్లటి తరకలు తేలితే మూడు. విరిగిన పాలలా గడ్డకడితే నాలుగు. స్కూలు నోట్‌బుక్కులో తారీఖు, ప్లస్సులు, ఎన్ని బిళ్లలు, జ్వరం దగ్గు ఉంటే ఆ మాట. అంతే. మా డాక్టరు ల్యాబ్ కాగితాలకంటే ముందు ఆ నోట్‌బుక్కే అడుగుతారు.

వరసగా మూడు రోజులు నిల్ గానీ ట్రేస్ గానీ వస్తే జబ్బు అణిగినట్టు. వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులు, ఆపైన వస్తే తిరగబెట్టినట్టు. దాన్నే రిలాప్స్ అంటారు. మూడు రోజులు అనడంలో అర్థముంది. జలుబు చేసినప్పుడు ఒక రోజు రెండు ప్లస్సులొచ్చి, మళ్లీ దానంతటదే పోతుంటుంది. ఆ ఒక్క రోజుకే మనమే పాత చీటీ తీసి బిళ్లలు మొదలుపెట్టకూడదు. వాపు వచ్చేదాకా ఆగనూ కూడదు. ప్లస్సులు వాపుకంటే ముందు వస్తాయి. ఆ కాస్త వ్యవధి కోసమే రోజూ ఈ గాజుగొట్టం.

రిలాప్స్ రావడం మామూలు. మందుకి లొంగిన పిల్లల్లో చాలామందికి ఒక్కసారైనా వస్తుంది. దాదాపు సగంమందికి మాటిమాటికీ వస్తుంది. నాకిది ముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. ఐదో నెలలో మళ్లీ మూడు ప్లస్సులు చూసినప్పుడు ఎవరిది తప్పు అని ఇంట్లో పంచాయతీ నడిచింది. ఐస్‌క్రీం ఇప్పించిన మావయ్యదా, వానలో ఆడనిచ్చిన నాదా, మందు తొందరగా ఆపించిన డాక్టరుదా. నిజానికి మొదటి కోర్సు మూడు నెలలకి ఆపినా, ఆరు నెలలు సాగదీసినా రిలాప్స్‌లలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2015లో వెలువడిన మన దేశపు అధ్యయనమే తేల్చింది. ఎక్కువసార్లు తిరగబెట్టేది జలుబు దగ్గులతో. నాలుగేళ్లవాడికి జలుబు రాకుండా ఆపడం ఎవరి తరం? మావాడికి మూడుసార్లు తిరగబెట్టింది. మూడుసార్లూ వారం పది రోజుల్లో లొంగింది. రిలాప్స్ కోర్సు మొదటిదానికంటే చిన్నది. మూత్రం తేటపడేదాకా రోజూ, ఆ తర్వాత నాలుగు వారాలు రోజు మార్చి రోజు.

మరీ మాటిమాటికీ వస్తుంటే స్టెరాయిడ్ తగ్గించడానికి లెవామిసోల్, మైకోఫెనొలేట్, సైక్లోఫాస్ఫమైడ్, టాక్రోలిమస్ లాంటివి ఉన్నాయి. ఆరు వారాలు రోజూ వేసినా ప్రొటీన్ ఆగని కొద్దిమందికి బయాప్సీ, జన్యుపరీక్ష అవసరమవుతాయి. వాళ్ల దారి వేరు, కష్టమైన దారి. కిడ్నీ దెబ్బతినే భయం నిజంగా ఉన్నది వాళ్లకే. అప్పుడు విశాఖ వెళ్లి పిల్లల నెఫ్రాలజిస్టుకి చూపించడానికి జాప్యం చేయకూడదు.

ప్రొటీన్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి ఇన్‌ఫెక్షన్లు. మూత్రంతో పాటు ఒంటిని కాపాడే ప్రొటీన్లు కొన్ని పోతాయి, పైగా స్టెరాయిడ్ రక్షణ తగ్గిస్తుంది. వాపుతో ఉన్న పిల్లాడికి జ్వరంతో కడుపునొప్పి వస్తే అది అజీర్తి అనుకోకూడదు. పొట్టలో చేరిన నీటికి చీము పట్టి ఉండొచ్చు, ఆ రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. వాంతులు విరేచనాలైనా, కాలు ఒక్కటే వాచి నొప్పెట్టినా, ఆయాసమొచ్చినా, విడవని తలనొప్పితో మగతగా పడుకున్నా అంతే. రక్తం చిక్కబడి గడ్డకట్టే ప్రమాదం ఈ జబ్బులో ఎక్కువ. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అది వేరే కిడ్నీ జబ్బు కావచ్చు. గజ్జి, గొంతునొప్పి తర్వాత వచ్చేది. దానికి ఈ లెక్కలేవీ వర్తించవు.

అన్నిటికన్నా జాగ్రత్త అమ్మవారి దగ్గర. గుమ్మానికి వేపరెమ్మ కట్టిన ఇంటికి వెళ్లి చూసి రావడం మనకి మర్యాద. స్టెరాయిడ్ మీద ఉన్న పిల్లాడికి ఆటలమ్మ సోకితే ప్రాణం మీదికి రావచ్చు. బడిలో పక్క పిల్లాడికి పోసిందని తెలిసినా, వీడికి పొక్కులు లేచేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకి చెప్పాలి. సోకిన మొదటి నాలుగు రోజుల్లో అయితే అడ్డుకునే ఇంజెక్షన్ మేలు చేసే అవకాశం ఎక్కువ. మా తోడికోడలింట్లో పోసినప్పుడు మేం వెళ్లలేదు. వాళ్లు నొచ్చుకున్నారు. ఆ నొచ్చుకోవడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. టీకాల్లో బతికున్న సూక్ష్మజీవులతో తయారయ్యేవి ఎక్కువ డోసు సమయంలో వేయించకూడదు. పల్స్ పోలియో చుక్కలూ ఆ కోవలోవే. న్యుమోనియా టీకా లాంటివి మాత్రం అడిగి మరీ వేయించాలి.

బడి మానిపించనక్కర్లేదు. వాపు తగ్గి, డోసు దిగాక మామూలుగా పంపాం. టీచరుకి ఒక కాగితం మీద రాసిచ్చాం, బాత్రూమ్‌కి అడిగితే పంపమని, ఎవరికైనా అమ్మవారు పోస్తే వెంటనే ఫోన్ చేయమని. ఆటల పీరియడ్‌లో కూర్చోబెట్టవద్దని కూడా రాశాం. ఆ మూడోదే వాళ్లకి నమ్మబుద్ధి కాలేదు.

మందుకి లొంగే పిల్లల్లో ఎక్కువమంది యవ్వనానికి వచ్చేసరికి దీన్నుంచి బయటపడతారు. కొందరికి ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వస్తుంది. మావాడు ఏ లెక్కలోకి వస్తాడో తెలియదు. ఇప్పుడు ఏడేళ్లు, బిళ్లలు ఆపి పద్నాలుగు నెలలైంది. గాజుగొట్టం వారానికి రెండుసార్లే కడుగుతున్నాను. కవిటి నుంచి ఫోన్ వస్తే మా అత్తగారు ఇప్పుడు ‘ఎంత’ అని అడగరు.

“నిల్లేనేటమ్మా?” అంటారు. నిల్లే అంటాను. ఆ తర్వాతే తోట సంగతులు.